ఇల్లు కొంటున్నారా? కారు పార్కింగ్‌కు పర్మిషన్ చూసుకోవడం, తెచ్చుకోవడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు కట్టిన ఇల్లు కొనేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. "ఇల్లు నచ్చింది కానీ కారు పెట్టే జాగ లేదు, ముందు రేకుల షెడ్డు వేసుకోవచ్చా?" "ఉన్న పార్కింగ్‌ను మూసి అమ్మానాన్నలకు ఒక రూం చేద్దామనుకుంటున్నాం, పర్మిషన్ కావాలా?" "ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉంది, పార్కింగ్‌లో ఒక మడిగె తీసి కిరాయికి ఇస్తే?"

మూడింటికీ జవాబు మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాన్‌లో ఉంటుంది. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టడం సక్రమమైనట్టు కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ పార్కింగ్ ప్లాన్ ప్రకారమే ఉందా అని ఎవరూ టేపు పట్టి చూడరు. పాత ఓనరు అక్రమంగా మూసిన పార్కింగ్‌కు నోటీసు వస్తే అది అప్పటికి ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే వస్తుంది. అందుకే ఈ పనిలో సగం బయానా ఇవ్వకముందే చేయాలి.

ముందు చేతిలో ఉండాల్సినవి

- మంజూరైన ప్లాన్ కాపీ, దానితో ఇచ్చిన ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు). రెండూ కావాలి, ఒకటి ఉంటే సరిపోదు.
- సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల జాబితా).
- లేఅవుట్ అనుమతి లేని జాగ అయితే దాన్ని క్రమబద్ధం చేసిన ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్. ఒకప్పటి వ్యవసాయ భూమి అయితే వ్యవసాయేతర వాడకానికి మార్చినట్టు నాలా కాగితం.
- ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు.
- 15 మీటర్ల టేపు, ఒక నోటు పుస్తకం, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి.
- లైసెన్సు ఉన్న ఇంజినీరు లేదా ఆర్కిటెక్ట్. మేస్త్రీ ఎంత అనుభవం ఉన్నవాడైనా ప్లాన్ మీద సంతకం పెట్టలేడు.

1. ఇంటికి పర్మిషన్ ఎవరు ఇచ్చారో తెలుసుకోండి

ఇల్లు ఇప్పుడు మున్సిపాలిటీ పరిధిలో ఉండవచ్చు, కట్టినప్పుడు మాత్రం గ్రామ పంచాయతీ అయి ఉండవచ్చు. మన రెండు జిల్లా కేంద్రాల చుట్టూ పట్టణంలో కలిసిన ఊళ్లు చాలా ఉన్నాయి. మహబూబ్‌నగర్ అయితే 2025లో కార్పొరేషన్ కూడా అయింది. అలాంటి చోట పంచాయతీ కాలం నాటి పర్మిషన్ చూపిస్తారు. కాగితం మీద సర్పంచ్ స్టాంపు, సంతకం ఉండగానే నమ్మవద్దు. పంచాయతీ రికార్డులు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉన్నాయో అడిగి, ఆ నంబరు, ఆ తేదీ రిజిస్టర్‌లో ఉన్నాయో లేదో చూపించమనండి. పాత తేదీ వేసి తర్వాత తయారుచేసిన కాగితాలు ఇలాగే బయటపడతాయి.

ఇల్లు ఇప్పటికీ పంచాయతీలోనే ఉంటే కార్యదర్శిని కలవండి. ఇంటి నంబరు ఇచ్చారు, పన్ను కట్టించుకుంటున్నారు అనేవి పర్మిషన్‌కు సాక్ష్యం కావు. పన్ను వేరు, అనుమతి వేరు.

2. ప్లాన్ కాపీ సంపాదించండి

ఓనరు దగ్గర ఉంటే ఫోటో కాకుండా పూర్తి సైజు కాపీ తీసుకోండి. ఫోటోలో అంకెలు సరిగా కనిపించవు, మనకు కావాల్సింది ఆ అంకెలే. "పోయింది" అంటే ఓనరు చేత మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు రాయించి కాపీ తీయించండి. అదీ కుదరకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మున్సిపల్ ఆఫీసుకు 10 రూపాయల ఫీజు, సమాధానానికి 30 రోజుల గడువు. ఇల్లు చేజారిపోతుందని తొందరపెట్టే మధ్యవర్తి మాట విని ఈ మెట్టు దాటేయకండి.

ప్లాన్ చేతికి వచ్చాక మూడు చూడండి. పార్కింగ్ లేదా పోర్టికో అని ఎక్కడ రాసి ఉంది? ముందు, వెనక, పక్కల ఎంత ఖాళీ వదలమన్నారు? ప్రొసీడింగ్స్‌లో రోడ్డు వెడల్పు ఎంత వేశారు?

ఈసీలో ఇంకొకటి కనిపించవచ్చు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు చాలా ఇళ్లకు పది శాతం బిల్టప్ ఏరియాను మున్సిపల్ కమిషనర్ పేర మార్ట్‌గేజ్ (తనఖా) చేయించుకుంటారు. కట్టడం ప్లాన్ ప్రకారం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) వచ్చాక దాన్ని విడిపిస్తారు. ఈసీలో ఆ మార్ట్‌గేజ్ ఇంకా అలాగే ఉంటే, ఆ ఇంటికి ఆక్యుపెన్సీ తీసుకోలేదని అర్థం చేసుకోవచ్చు. ఎందుకు తీసుకోలేదో అడగండి. పార్కింగ్‌ను మూసేసిన ఇళ్లలో జవాబు తరచుగా అదే అవుతుంది.

3. టేపు పట్టి కొలవండి

గంట పని. కానీ మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం.

ప్లాన్ మీటర్లలో ఉంటుంది, మన మాట అడుగుల్లో, గజాల్లో. ఒక మీటరు 3.28 అడుగులు, ఒక గజం 0.836 చదరపు మీటరు. ఇంటి గోడ నుంచి ప్రహరీ లోపలి అంచు దాకా కొలిచి, ప్రహరీ పూర్తిగా మీ జాగలోనే ఉంటే దాని మందం కలపండి. పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ అయితే సగమే కలపండి. 9 అంగుళాల గోడ మందం మరిచిపోతే లెక్క మొత్తం మారుతుంది. రెండు కొసల్లోనూ కొలవాలి, ఎందుకంటే ముందు సరిగా ఉండి వెనక్కు పోయేకొద్దీ సన్నబడే జాగలు ఎన్నో.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే 200 గజాల ఇల్లు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. అంటే 167 చదరపు మీటర్లు. 2012లో వచ్చిన 168 నంబరు జీవో ఇప్పటికీ మన భవన నిబంధనలకు ఆధారం. దాని ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల జాగలో, 12 మీటర్ల లోపు రోడ్డు మీద, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అంటే ముందు దాదాపు 5 అడుగులు, పక్కన 3 అడుగుల 3 అంగుళాలు.

ఇప్పుడు కారు సంగతి చూడండి. చిన్న కారు కూడా 11 నుంచి 13 అడుగుల పొడవు, దాదాపు 5 నుంచి ఐదున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. తలుపు తీసి మనిషి దిగాలంటే కనీసం 9 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు కావాలి. పక్క సందులో కారు పట్టదు. ముందున్న 5 అడుగుల ఖాళీలోనూ పట్టదు. అందుకే ఇలాంటి ఇళ్లలో ముందు మూల 11 అడుగుల మేర ఇంటి లోపలికి జరిపి, పైన ఫస్ట్ ఫ్లోర్ గది వేసి, కింద పార్కింగ్ చూపిస్తారు. కారు ముక్కు ఆ 11 అడుగుల నీడలో, తోక 5 అడుగుల ఖాళీలో ఉంటుంది.

ఈ లెక్క అర్థమైతే తప్పు ఎక్కడ జరుగుతుందో మీకే తెలుస్తుంది. కారు తోకకు ఎండ తగులుతోందని ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా పైపులు బిగించి రేకులు వేస్తారు. నోటీసులు వచ్చేది ఆ 5 అడుగులకే. మన ఎండల్లో ఆ బాధ నిజమే, కాదనలేం. అయినా ఆ ఖాళీ ఆకాశం కనిపించేలా ఉండాలనేది నియమం. కారు కవర్, తీసి మడిచే పందిరి గుడ్డ, ప్రహరీ పక్కన నీడనిచ్చే చెట్టు వీటితో సర్దుకోండి. గచ్చులో పాతిన స్తంభాలు, గోడకు బిగించిన రేకులు మాత్రం తాత్కాలికం కిందికి రావు, బోల్టులు విప్పితే ఊడొస్తాయి కదా అని వాదించినా సరే.

4. మీరు చేయాలనుకుంటున్నది ఏ రకమో తేల్చుకోండి

ప్లాన్‌లో ఉన్న పార్కింగ్‌ను పార్కింగ్‌గానే ఉంచి షట్టర్ గేటు పెట్టడం వీటిలో తేలికైనది. గోడలు కట్టనంత వరకు పెద్ద చిక్కు ఉండదు. గేటు లోపలికి తెరుచుకోవాలి. ర్యాంపు మీ జాగలోనే ముగియాలి, రోడ్డు మీదికి, మోరీ మీదికి పోకూడదు. మోరీ శుభ్రం చేసే రోజు ముందు పగిలేవి ఆ ర్యాంపులే.

పార్కింగ్ లేని ఇంటికి కొత్తగా చేర్చాలంటే ఇంటి కట్టడంలోంచే చోటు తీయాలి. ముందు గది కొంత తగ్గించి కారుకు ఇవ్వడం అన్నమాట. ఇందులో ఒక గోడ తీయాల్సి వస్తుంది, పైన స్లాబు బరువు ఉంటుంది. ఇంజినీరు చూడకుండా సుత్తి ఎత్తనివ్వకండి. సవరించిన ప్లాన్‌కు అనుమతి కావాలి.

పార్కింగ్‌ను రూం చేయడం దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఇల్లు స్టిల్ట్ (కింద స్తంభాలు మాత్రమే ఉన్న పార్కింగ్ అంతస్తు) మీద కట్టింది అయితే జాగ్రత్త. మామూలు ఇళ్లకు ఎత్తు లెక్కించేటప్పుడు పార్కింగ్ కోసం వదిలిన స్టిల్ట్‌ను కలపరు. ఆ వెసులుబాటుతోనే పైన మూడు అంతస్తులు వేసుకుంటారు. మీరు కింద గోడలు కట్టి రూం చేశారంటే స్టిల్ట్ పోయి, అదీ ఒక అంతస్తు అవుతుంది. 10 మీటర్ల ఎత్తుకు ఇచ్చిన పర్మిషన్ అక్కడితో దాటిపోతుంది. ఒక్క గది కోసం మొత్తం ఇల్లు పర్మిషన్‌కు విరుద్ధం అవుతుంది. ఇలాంటి ఇంటికి సవరణ ప్లాన్ రావడం చాలా కష్టం. పెద్దవాళ్లకు కిందే గది కావాలంటే గ్రౌండ్ ఫ్లోర్ ఉన్న ఇల్లే వెతుక్కోండి.

స్టిల్ట్ కాకుండా గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక మూల పార్కింగ్ ఉంటే అవకాశం ఉంది. మూసే చోటు సెట్‌బ్యాక్‌లోకి, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి రాకూడదు, కారుకు వేరే చోటు చూపించగలగాలి.

మడిగె సంగతి వేరు. ఇంటికి ఇచ్చిన పర్మిషన్‌తో దుకాణం పెట్టకూడదు. వాడకం మారాలి, పన్ను మారుతుంది, ట్రేడ్ లైసెన్స్ కావాలి, కరెంటు మీటరు గృహ కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి పోతుంది. ఓనరు "నెలకు కిరాయి వస్తుంది" అని మడిగెను చూపి ధర పెంచుతుంటే, దానికి పర్మిషన్ కాగితం చూపించమనండి. లేకపోతే ఆ కిరాయిని మీ లెక్కలో వేసుకోకండి.

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనేవాళ్లకు ఒక్క మాట: 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఓపెన్ పార్కింగ్ ఉమ్మడి స్థలం. అందులో మీ గీతల మధ్య గోడ కట్టే హక్కు మీకు ఉండదు.

5. రోడ్డు, చెరువు చూసుకోండి

ఇంటి ముందు రోడ్డు ఇప్పుడు 30 అడుగులున్నా మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగులు ఉండవచ్చు. అప్పుడు ముందు ఖాళీని కొలిచేది ఇప్పటి ప్రహరీ నుంచి కాదు, రేపు విస్తరించే గీత నుంచి. మీరు పార్కింగ్ అనుకుంటున్న జాగ మొత్తం రోడ్డులోకి పోవచ్చు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు, మహబూబ్‌నగర్‌లో భూత్పూర్ రోడ్డు లాంటి పెద్ద దారుల పక్కన కొంటుంటే టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఇది తప్పనిసరిగా అడగండి.

చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) చూడాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. అందులో కొత్తగా ఏ కట్టడానికీ అనుమతి రాదు. పానగల్ ఉదయ సముద్రం వైపు, మహబూబ్‌నగర్ పెద్దచెరువు వైపు ఇల్లు చూసేవాళ్లు దీన్ని వదిలేయకండి.

6. అగ్రిమెంట్‌లో రాయించండి

ఓనరు నోటితో చెప్పినది లెక్కకు రాదు. ఇలా రాయించవచ్చు:

"షెడ్యూల్ ఇంటిని మంజూరైన ప్లాన్ ప్రకారమే నిర్మించామని, ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపిన స్థలంలో ఎలాంటి మార్పు చేయలేదని అమ్మకందారు హామీ ఇస్తున్నారు. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు జరిగిన ఏ అతిక్రమణకైనా నోటీసు, జరిమానా వస్తే ఆ ఖర్చు అమ్మకందారు భరించాలి. ప్లాన్ కాపీ, ప్రొసీడింగ్స్ ఇవ్వలేకపోతే బయానా మొత్తం తిరిగి ఇవ్వాలి."

పార్కింగ్ ఇప్పటికే మూసి ఉంటే రెండు దారులు. ఓనరు ఖర్చుతో గోడలు తీయించాక రిజిస్ట్రేషన్ చేసుకోవడం మంచిది. లేదా కూల్చి మళ్లీ సరిచేసే ఖర్చు ధరలో తగ్గించుకోవడం. బ్యాంకు లోన్ తీసుకునేవాళ్లకు మొదటిదే దారి. బ్యాంకు పంపే ఇంజినీరు ప్లాన్‌ను ఇంటితో పోల్చి చూస్తాడు, ప్లాన్‌లో లేని గదికి విలువ కట్టకపోవచ్చు, లోన్ ఆగిపోవచ్చు.

7. దరఖాస్తు

2020 చట్టంతో ఆన్‌లైన్‌లో పర్మిషన్లు ఇచ్చే టీఎస్-బీపాస్ వచ్చింది. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ తెచ్చారు. ఇంజినీరు ప్లాన్ గీసి అప్‌లోడ్ చేస్తారు, మీరు స్వీయ ధ్రువీకరణ ఇస్తారు.

టీఎస్-బీపాస్ చట్టం పెట్టిన కొలతలు ఇవి. 75 గజాల లోపు జాగలో గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ ఇంటికి రూపాయి ఫీజుతో రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు జాగ, 10 మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. ఆపైన ఉన్నవాటికి సింగిల్ విండో, 21 రోజుల గడువు.

వెంటనే అనుమతి వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. తర్వాత తనిఖీ ఉంటుంది. మీరిచ్చిన కొలత తప్పని తేలితే ఈ చట్టం కింద నోటీసు లేకుండా కూల్చే అధికారం ఉంది. సంతకం మీది కాబట్టి అప్‌లోడ్ చేసే ముందు ప్లాన్‌లో అంకెలను మీ నోటు పుస్తకంలో అంకెలతో మీరే పోల్చుకోండి. ఇంజినీరు "సిస్టమ్ ఒప్పుకోవాలంటే ఒక అడుగు అటూ ఇటూ వేస్తాను" అంటే వద్దనండి.

ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టి రసీదు దాచుకోండి. మధ్యవర్తి చేతికి మొత్తం డబ్బు ఇస్తే ఎంత ఫీజు, ఎంత ఆయనకు అనేది మీకు ఎప్పటికీ తెలియదు.

తరచూ జరిగే తప్పులు

"పది శాతం డీవియేషన్ ఉండొచ్చట" అని మేస్త్రీలు ధైర్యం చెబుతారు. ఆ సడలింపు పక్క, వెనక ఖాళీలకు, ఆక్యుపెన్సీ సమయంలో, జరిమానాతో. ముందు ఖాళీకి అది వర్తించదు. కారు షెడ్డు పడేది ముందు వైపే కాబట్టి ఆ మాట మీకు పనికిరాదు.

"రేపు రెగ్యులరైజేషన్ స్కీం వస్తుంది, డబ్బు కడితే సరిపోతుంది" అనేది ఇంకొకటి. 2015లో పెట్టిన భవనాల క్రమబద్ధీకరణకు కటాఫ్ 28 అక్టోబర్ 2015. అదీ కోర్టులో చిక్కుకుంది. రాని స్కీంను నమ్మి ఈ రోజు గోడ కట్టకండి.

"వీధిలో అందరికీ షెడ్లున్నాయి" అనుకోవడం మూడోది. పక్కింటివాళ్లతో ఒక చిన్న మాటపట్టింపు వచ్చినా ఫిర్యాదు వెళ్లేది మీ ఇంటి నంబరు మీదే.

షెడ్డు నీళ్లు పక్కవాళ్ల గోడ మీద పడేలా వాలు పెట్టడం, పార్కింగ్ కింద సంపు మూత మీద కారు ఎక్కించడం కూడా చూస్తుంటాం. కారు బరువుకు తట్టుకునేలా వేయని సంపు స్లాబు విరిగితే నష్టం కారుతో ఆగదు. సంపు ఎక్కడ ఉందో కొనే రోజే అడిగి, కారు చక్రాల దారిలోకి వస్తుందేమో కొలుచుకోండి.

పని అయ్యాక చెక్ చేసుకోండి

సెంట్రింగ్ కొట్టే ముందు ఒకసారి, ప్లాస్టరింగ్ అయ్యాక ఒకసారి కొలవండి. ప్లాస్టరింగ్ గోడను మందం చేస్తుంది, 1 మీటరుకు సరిగ్గా కట్టిన గోడ అప్పుడు లోపలికి వచ్చేస్తుంది. మొదటే రెండు అంగుళాలు ఎక్కువ వదలమని మేస్త్రీకి చెప్పండి.

కారును నిజంగా లోపలికి తెచ్చి పెట్టి చూడండి. డ్రైవర్ వైపు తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? గేటు మూశాక బంపర్‌కు, గేటుకు మధ్య మనిషి నడవగలడా? రెండింట్లో ఏది కాకున్నా స్తంభం జరపాల్సింది రంగులు వేయకముందే.

చివరగా సవరించిన ప్లాన్, ప్రొసీడింగ్స్, ఫీజు రసీదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కొత్త ఇంటి పన్ను అసెస్‌మెంట్ ఒకే ఫైలులో పెట్టండి. పన్ను కాగితంలో పెరిగిన కొలత, ప్లాన్‌లో ఉన్న కొలత ఒకటేనా చూడండి. తేడా ఉంటే వెంటనే మున్సిపల్ రెవెన్యూ సెక్షన్‌లో రాతపూర్వకంగా సరిచేయించుకోండి.